ఆకు అంటే

పన్నెండేళ్ళుగా చెబుతున్న పాఠం ఆ రోజు మహేశ్వరి గొంతుకి అడ్డం పడింది.

గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆమె కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆ రోజు చెప్పాల్సింది చెట్టు గురించి. కంప్యూటర్‌లో సమాచారాన్ని అమర్చుకునే ఒక పద్ధతికి చెట్టు అని పేరు. నేలమీది చెట్టులా నిలబడదు, తలకిందులుగా వేలాడుతుంది. అన్నిటికన్నా పైన ఉన్న గడిని వేరు అంటారు. దానికింద గీతలు గీసి వేలాడదీసిన గడులు దాని పిల్లలు. వాటికింద వాటి పిల్లలు. అలా దిగుతూ పోగా, కింద ఇంకేమీ లేకుండా మిగిలిన గడిని ఆకు అంటారు.

బోర్డు మీద బొమ్మ గీసి, అట్టడుగున ఉన్న గడి చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టింది.

"దీన్ని ఆకు అంటాం. ఆకు అంటే, పిల్లలు లేని..."

అక్కడ ఆగిపోయింది.

అరవై మంది పెన్నులు పట్టుకుని మిగతా సగం కోసం చూస్తున్నారు. మేడమ్‌కి మాట తట్టలేదనుకుందో ఏమో, ముందు బెంచీలో అమ్మాయి అందించింది. "పిల్లలు లేని గడి, మేడమ్."

"అవును," అంది మహేశ్వరి. సుద్దముక్క బల్ల మీద పెట్టి, గంట కొట్టకముందే క్లాసు వదిలేసింది.

అంతకు నాలుగు రోజుల ముందు డాక్టరమ్మ ఫైలు మూసి, "ఇక చాలమ్మా, ఒంటిని ఇంకా కష్టపెట్టొద్దు," అంది. మహేశ్వరికి ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళయి పదమూడేళ్ళు. ఆస్పత్రి మెట్లు దిగుతూ ఆమె భర్త మురళీధర్ "పోనీలే" అన్నాడు. ఆ ఒక్క మాటే. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

కాలేజీ వెనక కాన్వెంటు ఉంది. కాన్వెంటు వెనక తోట. ఆ తోటలో సిస్టర్ శౌరీలమ్మ ఉంటుంది.

ఆమె ఫిరంగిపురంలో పుట్టింది. పద్దెనిమిదో ఏట మఠంలో చేరింది. ముప్పై ఆరేళ్ళు ఇదే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయింది. మహేశ్వరి డిగ్రీ ఆమె దగ్గరే చదివింది, ఆ తర్వాత కంప్యూటర్ చదువులోకి మారింది. మారేముందు భయపడుతూ చెప్పడానికి వెళ్తే, "పో తల్లీ. మొక్కలెక్కడికీ పోవు," అంది సిస్టర్. ఉద్యోగం ఇక్కడే వచ్చాక, మనసు బాగాలేనప్పుడల్లా మహేశ్వరి కాళ్ళు ఆ తోటవైపే నడిచేవి.

అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు సిస్టర్‌కి లేదు. వేరు నీళ్ళెలా తాగుతుందని అడిగిన ఒక అమ్మాయి చేతికి పలుగిచ్చి, వేపమొక్క వేరు చివరిదాకా తవ్వి చూడమందని కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అమ్మాయి మూడు రోజులు తవ్విందట. జవాబు దొరికిందో లేదో గానీ, చేతులు బొబ్బలెక్కాయట, మార్కులు మాత్రం బాగా వచ్చాయట.

మహేశ్వరి వెళ్ళేసరికి సిస్టర్ పీటమీద కూర్చుని కుండీల్లో మట్టి గుల్ల చేస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. తెల్లచీర అంచు నడుముకి దోపుకుని ఉంది.

"గంట కొట్టలేదే?" అంది తలెత్తకుండానే.

"సిస్టర్, మీరు నేర్పిన ఆకూ, నేను నేర్పే ఆకూ ఒకటేనా?"

"నువ్వు నేర్పేది ఏ ఆకు?"

మహేశ్వరి చెప్పింది. చెట్టు తలకిందులుగా ఉంటుందనీ, వేరు పైన ఉంటుందనీ చెప్పింది. ఆకు అనే మాట దగ్గరికొచ్చింది. ఈసారి ఆపకుండా చెప్పేసింది. "పిల్లలు లేనిది, సిస్టర్. అక్కడితో అయిపోయేది."

సిస్టర్ చేతులు ఆగాయి. మహేశ్వరి డాక్టర్ల చుట్టూ తిరుగుతోందని ఆమెకి తెలుసు. ఏమైందని అడగలేదు.

"అయిపోయినదాన్ని ఏం చేస్తారు మీరు?"

"కొన్నిసార్లు అలాగే ఉంచుతాం. చోటు చాలకపోతే తీసేస్తాం."

"తీసేస్తే చెట్టుకేమవుతుంది?"

"ఏమీ కాదు. దాని కింద ఏమీ లేదు కదా, దాన్ని నమ్ముకుని ఉన్నది ఏదీ లేదు. మిగతా చెట్టు చెక్కుచెదరదు."

"అట్లాగా," అంది సిస్టర్.

పక్కన ఒక కుండీలో పొట్టి చిక్కుడు మొక్క ఉంది. అప్పుడే పిందె పట్టి, వేలెడంత కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. సిస్టర్ తన కత్తెర తీసి మహేశ్వరి చేతిలో పెట్టింది.

"దీనికి ఆకులన్నీ తీసెయ్."

"కాయలున్నాయి సిస్టర్."

"కాయల జోలికి పోవద్దు. అవి పిల్లలు గదా. ఆకులే తియ్."

మహేశ్వరికి ఒళ్ళు మండింది. తను ఏడవడానికి వస్తే ఈవిడ పని చెబుతోంది. కానీ ఆ మంటతోనే కూర్చుని ఒక్కో ఆకూ తొడిమ దగ్గర కత్తిరించింది. కత్తిరించేకొద్దీ చేతులకి వేగం వచ్చింది. చెప్పుకోకూడదు గానీ, హాయిగా కూడా అనిపించింది. చివరికి ఒట్టి కాడలూ, వాటికి వేలాడే పిందెలూ మిగిలాయి.

"బాగుంది. ఇప్పుడు మీ కంప్యూటర్ చెట్టులాగే ఉంది," అంది సిస్టర్. "పదిహేను రోజులకి రా. నీళ్ళు నేను పోస్తాలే."

ఆ వారంలోనే తెనాలి నుంచి బావగారు ఫోన్ చేశాడు. ఆయన పేరు పూర్ణచంద్రరావు, మురళీధర్‌కి అన్నగారు. మామగారు కోటయ్యగారికి ఎనభై నిండుతున్నాయి. కల్యాణమండపంలో చుట్టాలందరినీ పిలిచి వేడుక చేయాలని పిల్లల కోరిక.

"మన వంశవృక్షం పెద్దగా వేయించి పెడదాం అమ్మాయ్. పేర్లన్నీ నోటుబుక్కులో రాసుంచాను. కంప్యూటర్‌లో చెట్టులాగా వేయడం నీకు చేతనైన పనేగా."

మహేశ్వరి కాదనలేదు. నోటుబుక్కు వచ్చింది. ఆరు తరాలు, రెండువందల పద్దెనిమిది పేర్లు. పుట్టిన సంవత్సరాలు కూడా రాశాడాయన. రెండు సాయంత్రాలు కూర్చుని ప్రోగ్రాం రాసింది. చెట్టు వచ్చింది. కానీ మండపంలో వేదిక పక్కన, రెండు స్తంభాల మధ్య ఉన్న చోటుకి అది పట్టలేదు. పట్టేలా కుదిస్తే అక్షరాలు చీమల బారులా అయ్యాయి.

బావగారికి ఫోన్ చేసి చెప్పింది.

"చిన్నపిల్లల్ని ఉంచాలి, వాళ్ళు చూసుకుని మురుస్తారు. పెద్దవాళ్ళలో సంతానం లేనివాళ్ళని తీసేస్తే? ఎప్పుడో పోయినవాళ్ళు, ఎవరికీ గుర్తులేనివాళ్ళు..." అంటూ అంటూ ఆయనే తడబడ్డాడు. "నిన్ను కాదమ్మా. నువ్వూ మురళీ ఉండాలి. అసలు చేస్తున్నదే నువ్వు."

"రూలంటే అందరికీ ఒకటే బావగారూ," అంది మహేశ్వరి.

ముప్పై ఏళ్ళు దాటి, కింద ఎవరూ లేని గడి కనబడితే తీసెయ్. నాలుగు వరసల ఆజ్ఞ అది. మీట నొక్కగానే ముప్పై ఏడు పేర్లు పోయాయి. చెట్టు చక్కగా రెండు స్తంభాల మధ్య సరిపోయేంత అయింది.

మర్నాడు చిన్న కాగితం మీద నమూనా తీసి ఇంటికి తెస్తే, మురళీధర్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తండ్రి పేరు మీద వేలు పెట్టి కిందికి దిగాడు. అన్న పేరుంది. అక్క పేరుంది. వేలు అక్కడే ఆగింది.

"మనం లేమే?"

"పట్టలేదు."

అతను కాగితాన్ని మడతలు సరిచూసి మడిచి, ఆమె బ్యాగు మీద పెట్టాడు. ఆ మడిచే తీరు చూశాక ఆమెకి ఆ పూట అన్నం సయించలేదు. కానీ నాలుగు వరసల్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

పదిహేనో రోజున తోటలోకి వెళ్ళింది. ఆ కాగితం ఇంకా బ్యాగులోనే ఉంది.

సిస్టర్ ఆమెని చిక్కుడు కుండీ దగ్గరికి తీసుకెళ్ళింది. పిందెలు ఒక్కటీ లావెక్కలేదు. సగం పండుబారి మట్టిలో రాలి ఉన్నాయి. కొమ్మకున్న నాలుగింటిని మహేశ్వరి వేళ్ళతో నొక్కి చూసింది. లోపల గింజ లేదు, ఒట్టి తోలు.

కానీ మొక్క చావలేదు. ప్రతి కణుపు దగ్గరా, పెసరగింజంత మొదలుకొని బొటనవేలి గోరంత వరకూ, లేత ఆకుపచ్చ రంగులో కొత్తవి పుట్టుకొస్తున్నాయి.

"ఒంట్లో మిగిలిన సత్తువతో ముందు దేన్ని తెచ్చుకుందో చూశావా?" అంది సిస్టర్.

మహేశ్వరి చూసింది. ఆమెకి తెలియని సంగతేమీ కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఇదే మనిషి దగ్గర పరీక్షల కోసం రాసి, మార్కులు తెచ్చుకున్న సంగతే. ఎండని పట్టి ఆకు వండితే మొక్క తింటుంది. కాయ తింటుంది, కొమ్మ తింటుంది, మట్టిలో ఉన్న వేరు కూడా తింటుంది.

"అది మొక్క సిస్టర్," అంది మొండిగా. "మీ ఆకు వేరు, మా ఆకు వేరు. మాటొక్కటే కలిసింది."

"కాదన్నానా?" అంది సిస్టర్. "ఆ బ్యాగులో ఏముంది, అంతలా పట్టుకున్నావు?"

మహేశ్వరి కాగితం తీసి ఇచ్చింది. సిస్టర్ పీటమీద కూర్చుని, పూలలో కేసరాలు లెక్కపెట్టే భూతద్దం పక్కనున్న సంచిలోంచి తీసి, ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టింది.

"మీ మామగారు ఏరి ఇందులో?"

"ఇదిగో, కోటయ్యగారు."

"ఈయన తల్లి?"

"వెంకాయమ్మగారు. ఐదో పురిట్లో పోయారట."

"అప్పుడు ఈయనకెన్నేళ్ళు?"

"పెద్దకొడుకు గదా. ఆరేళ్ళుంటాయేమో."

భూతద్దం కాగితం మీద అటూ ఇటూ మెల్లగా తిరిగింది. పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది. తర్వాత సిస్టర్ తలెత్తింది.

"మరి ఆ ఆరేళ్ళవాడికి అన్నం ఎవరు పెట్టారు?"

మహేశ్వరి జవాబు చెప్పబోయింది. పేరు నాలుక దాకా వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఎవరో ఒకటి రెండుసార్లు చెప్పగా విన్న పేరు. ఆ పేరు కోసం కాగితం మీదికి వంగింది. మామగారి తండ్రి పేరుంది. ఆయన తమ్ముళ్ళిద్దరూ ఉన్నారు. వాళ్ళ పక్కన నున్నగా, తెల్లగా ఖాళీ.

చాపెల్లో సాయంత్రపు గంట మోగింది. సిస్టర్ కాగితం మడిచి ఇచ్చేసి, చేతులు కడుక్కుని ప్రార్థనకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. మహేశ్వరి తెనాలి బస్సెక్కింది.

కోటయ్యగారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. చూపు తగ్గింది గానీ మాట తగ్గలేదు. కోడలి అడుగుల చప్పుడు పోల్చుకుని, "రామ్మా," అన్నారు. కుశలప్రశ్నలయ్యాక మహేశ్వరి ఆయన కాళ్ళ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"మామయ్యగారూ, మాణిక్యమ్మగారంటే మీకు మేనత్తే కదూ?"

ఆయన గడ్డం మీద చెయ్యి వేసుకుని వీధివైపు చూశారు.

"ఆ పేరు నా చెవిన పడి ఎన్నాళ్ళయిందమ్మా," అన్నారు చివరికి. "మా నాన్నకి చెల్లెలు. పదహారేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. మా అమ్మ పోయిన రోజు ఇంటినిండా జనమే. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు. చంటిది గుక్కపట్టింది. పొద్దున్నుంచీ మా పెద్దపిల్లలం నలుగురి నోట్లో మెతుకు పడలేదు. అప్పుడు మా అత్త పెరట్లోంచి పుల్లలు తెచ్చి పొయ్యి రాజేసింది. చావింట్లో పొయ్యి వెలిగిస్తావా అని ఒకావిడ గదిమింది."

"ఏమన్నారు ఆవిడ?"

"'పోయినామె తినదు. ఈ నలుగురూ తింటారు' అంది. అని జొన్నన్నం వండి, ఒక్క పళ్ళెంలో కలిపి, వరసగా కూర్చోబెట్టి తలా ఒక ముద్ద పెట్టింది. నేను తిననని మొండికేశాను. మా అమ్మ లేస్తేనే తింటానన్నాను. అత్త ఆ ముద్ద అట్లాగే పట్టుకుని కూర్చుంది. ఎంతసేపని! చెయ్యి దించలేదు. చివరికి నేనే నోరు తెరిచాను."

ఆయన పడక్కుర్చీలో ముందుకి జరిగారు.

"మమ్మల్నందర్నీ పెంచింది. పూర్ణానికీ, వాడి అక్కకీ ఉగ్గుపెట్టింది ఆమే. ఆమె ఫోటో ఒక్కటి లేదమ్మా. ఓటర్ల జాబితాలో కూడా మాణిక్యం అని మగవాళ్ళలో రాశారు. పోయేదాకా అట్లాగే వేసింది ఓటు, మగవాళ్ళ వరసలో నిలబడి." నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మహేశ్వరి లోపలికి వెళ్ళి బావగారితో చెప్పింది. "చెట్టు మళ్ళీ వేయాలి బావగారూ. రెండు స్తంభాల మధ్య పట్టదు."

"అయ్యో, అచ్చుకి ఇచ్చేద్దామనుకుంటున్నానే. మళ్ళీ ఎందుకమ్మా?"

"అందులో మాణిక్యమ్మగారు లేరు."

పూర్ణచంద్రరావుకి గుర్తొచ్చింది. నోటుబుక్కులో ఆ పేరు రాసింది తనే. తీసెయ్యమన్నదీ తనే. చేతిలో ఉన్న పెళ్ళిపిలుపులాంటి ఆహ్వానపత్రాల కట్ట బల్లమీద పెట్టి, "అమ్మమ్మా అని పిలిచేవాళ్ళం ఆమెని," అన్నాడు మెల్లగా. కాసేపటికి, "గోడ సంగతి నాకొదిలెయ్," అన్నాడు.

ఆ సాయంత్రం గుంటూరు తిరిగొచ్చి మహేశ్వరి ఆ నాలుగు వరసలూ కొట్టేసింది. ముప్పై ఏడు పేర్లూ వాటి వాటి చోట్లకి తిరిగొచ్చాయి. పక్కనే నిలబడి చూస్తున్న మురళీధర్ తమ పేర్లు తెరమీద కనబడగానే కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. "అక్కడ నీ పేరు చివర దీర్ఘం పడలేదు," అన్నాడు. దీర్ఘం అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

వేడుక రోజు మండపంలో అంత పొడుగు గోడ భోజనాల హాల్లో ఒక్కటే దొరికింది. ఫ్లెక్సీని రెండు ముక్కలుగా అచ్చువేసి, మధ్యలో అతికించి అక్కడే కట్టించాడు పూర్ణచంద్రరావు. పిల్లలు గంతులేస్తూ వాళ్ళ పేర్లు వెతుక్కున్నారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ పుట్టింటి పేర్లు వెతుక్కున్నారు.

వేదిక మీద పూలదండలూ, అక్షింతలూ అన్నీ అయ్యాక కోటయ్యగారు కర్ర పట్టుకుని, చిన్నకోడలి భుజం ఆసరాతో హాల్లోకి వచ్చారు. చెట్టు ముందు నిలబడ్డారు.

"నాకు కనపడదు. మా అత్త ఎక్కడుందో చూపించు."

మహేశ్వరి ఆయన చూపుడువేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టింది. ఆయన వేలు అక్షరాల మీద మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడిచింది. మళ్ళీ నడిచింది. వెనక నలుగురైదుగురు పోగయ్యారు. ఎవరూ తొందరపెట్టలేదు.

"నీదెక్కడ?" అన్నారు.

ఆమె ఆయన వేలిని కిందికి, రెండు తరాల దూరం తీసుకొచ్చింది.

"చదువు."

"మురళీధర్, మహేశ్వరి," అని చదివింది.

"దాని కింద?"

ఆమె గొంతు ఈసారి ఆగలేదు. "దాని కింద ఏమీ లేదు మామయ్యగారూ. అక్కడ ఆకు."

ఆ మాట ఆయనకి అర్థమైందో, సందడిలో వేరేగా వినబడిందో తెలియదు. తల పంకించి, వెనక్కి తిరిగి, బంతిలో వరసగా పరిచిన పచ్చటి అరిటాకుల వైపు కర్ర చూపించారు.

"అవునమ్మా, ఆకులేశారు. పద, పిల్లలు ఆకలిమీదున్నారు."

మహేశ్వరి ఆయన్ని కూర్చోబెట్టింది. కొంగు నడుముకి దోపుకుని, అన్నం గంగాళం దగ్గరికి నడిచింది.